కోడి ఈకతో పరీక్ష

గోరుతో మోచేతి మీద గీస్తే తెల్లటి గీత పడిందా, తార్నాకకు చలికాలం వచ్చినట్టే. క్యాలెండర్లు చూసుకునేవాళ్లు చూసుకోండి, నాకు నా చెయ్యి చాలు.

నిన్న పొద్దున మా మనవరాలు అద్దం ముందు నిలబడి మొహానికి పూత మొదలుపెట్టింది. యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల. ముందు ఒకటి పూసింది, అది ఇంకేదాకా ఆగింది, దాని మీద ఇంకొకటి పూసింది.

"గోడకు లప్పం పెట్టుడు అయిపోయింది గదా, పెయింట్ ఎప్పుడేస్తవే?" అన్నాను.

"అమ్మమ్మా, ఒకటి గాలికి, ఒకటి ఎండకు. నీకు తెల్వదు, ఊకో."

"అవునే, మేం పుట్టినప్పుడు ఎండ లేకుండె. మీ కోసమని కొత్తగ తెప్పిచ్చిన్రు."

పిల్ల నవ్వలేదు. అద్దంలోకి ఇంకా దగ్గరగా వంగింది. "జర చూడు, గీడ బుగ్గ మీద తెల్లగ మచ్చ లేసింది. ఫోన్ల చూస్తే ఏవేవో రోగాల పేర్లు చెప్తున్నది."

నోటిదాకా వచ్చిన జోకు అక్కడే ఆగిపోయింది. ఎడమ బుగ్గ, కంటికి కొంచెం కింద. మా అక్కకు లేచింది కూడా అక్కడే.

అప్పుడు మేము ఈ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉండేవాళ్లం. నాయిన తోటమాలి. అమ్మ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో వంట చేసేది. హాస్టళ్ల వెనక, బండరాళ్లను ఆనుకుని ఒక వరస రేకుల ఇళ్లుండేవి, అందులో ఒకటి మాది. ఇప్పుడు ఆ వరస లేదు, బండలూ లేవు. నా చిన్నతనం కావాలంటే అక్కడ నిలిపిన కార్లను పక్కకు జరిపి చూసుకోవాలి.

ఆ రోజుల్లో క్యాంపస్‌లో చెట్లకన్నా ఖాళీ జాగా ఎక్కువ. ఆ జాగాలో గాలికి వేరే పనేమీ లేక రోజంతా మా మీదే పడేది. ఎండ చూస్తే ఎండాకాలం దాన్లా చురుక్కుమనేది, గాలేమో చలిగాలి. రెండూ కలిసి మా ఒంట్లో తడి పిండుకుని పోయేవి. పెదవులు పగిలి నవ్వితే రక్తం వచ్చేది. నాయిన మడమల పగుళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నాయినమ్మ చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కొంగులో మూటగట్టుకొచ్చి, కొబ్బరినూనెలో కరగబెట్టి, ఆ మైనాన్ని నాయిన పగుళ్లలో నింపేది.

"దేవుని ముందల వెలిగిన మైనం, ఊకెనే మానుతది," అనేది.

"అయితే నాయిన కాలికి అగ్గిపుల్ల అంటిస్తే పండగ దీపం ఖర్చు తప్పుతది," అన్నాను. నా వీపు మోగింది. ఆ ఇంట్లో నా మాటకూ నా వీపుకూ దగ్గరి చుట్టరికం.

మాలాంటి పిల్లలకు మాత్రం ఆ కాలం గమ్మత్తుగా ఉండేది. పొడిబారిన చర్మం కంటే మంచి పలక లేదు. పిక్కల మీద గోరుతో బొమ్మలు, చేతుల మీద తిట్లు. నేను బడికి తొందరగానే దండం పెట్టి వచ్చేసినదాన్ని. వచ్చిన నాలుగు అక్షరాలూ మరిచిపోకుండా చూసింది ఆ పలకే. అక్క పడుకుని చదువుకుంటుంటే మెల్లగా వెళ్లి దాని పిక్క మీద 'గడిద' అని రాసేదాన్ని. అది చూసుకుని, నూనె వేలితో తుడిచేసి, "గాడిదకు దీర్ఘం ఉంటది, నేర్చుకో," అనేది. కోపం కూడా పాఠంలాగే ఉండేది దానిది.

అక్క చదివింది. మా వంశానికంతా సరిపోయేంత చదివింది. ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకు రాతపరీక్ష పాసయింది. ఇక క్రిస్మస్ వెళ్లాక వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది. ఒళ్లంతా చూసి, రోగం రొష్టు లేదంటేనే సీటు. తెల్ల బట్టలు వేసుకుని జీతం తెచ్చే మొదటి మనిషి అవుతుందని నాయిన అందరికీ చెప్పుకున్నాడు. అంతకుముందు మా వంశంలో తెల్ల బట్టలు వేసుకున్నవాళ్లంతా పెట్టెలో పడుకున్నవాళ్లే.

సరిగ్గా అప్పుడు లేచింది ఆ మచ్చ.

మొదట అక్క దాన్ని పట్టించుకోలేదు. తరవాత మురికనుకుంది. కాగులో నీళ్లు పొగలు కక్కేలా కాచుకుని, బట్టల సబ్బు రాసి, బీరపీచుతో బుగ్గను రుద్దేది. రుద్దిన కాసేపు ఎర్రగా ఉండేది. గాలికి ఆరగానే మళ్లీ తెల్లగా, ముందుకంటే పెద్దగా, ముట్టుకుంటే గరుగ్గా, అంచుల్లో పొట్టు లేస్తూ. అక్క ఇంకా గట్టిగా రుద్దేది. కుడి బుగ్గ మీద ఇంకొకటి లేచింది.

"అది బుగ్గనే, అంట్ల గిన్నె కాదు. రుద్దంగ రుద్దంగ అవతలికెల్లి పళ్లు కనిపిస్తయ్," అన్నాను. అక్క నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు.

పక్కింటి చిన్నమ్మకు ఒక పాలు తాగే పాప. ఆ పాప పుట్టినప్పటి నుంచి చిన్నమ్మ చంకలో కంటే అక్క చంకలోనే ఎక్కువ పెరిగింది. ఒకరోజు నల్లా దగ్గర అందరం బిందెలు పెట్టుకుని నిలబడ్డాం. పాప అక్క చంకలోనే ఉంది. చిన్నమ్మ అక్క మొహం వైపు చూసి కళ్లు చిన్నవి చేసింది.

"ఏందే బిడ్డా, బుగ్గ మీద గది?"

"ఏం లేదు చిన్నమ్మా. గాలికి పగిలింది."

"మాకు తగుల్తలేదా గాలి? గట్ల గుండ్రంగ పగుల్తదా ఎవలకన్న?"

"మాకు చౌకోరుగ పగుల్తది చిన్నమ్మా, చూపిస్తనా?" అన్నాను నేను, గౌను పైకెత్తబోతూ. ఎప్పుడూ నా మాటలకు ముందు నవ్వేది చిన్నమ్మే. ఆ రోజు నవ్వలేదు. పాపను అక్క చంకలోంచి తీసుకుంది. లాక్కోలేదు, మెల్లగా, వేడి గిన్నె దించినట్టు తీసుకుంది.

"పాలు తాగే యాళ్లయింది," అంది.

పాప అప్పుడే తాగి ఉంది. మూతికి పాలు ఇంకా ఆరలేదు.

మర్నాటి నుంచి నల్లా దగ్గర అక్క బిందెకూ పక్క బిందెకూ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో ఎవరూ నిలబడేవారు కాదు. మొదట 'తెల్లపొడ' అన్న మాట వినిపించింది. పండగ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే గుంపులో అక్కది పెద్ద గొంతు. "ఈసారి జర రెస్టు తీసుకో బిడ్డా, గొంతుకు మంచిది," అని వాళ్లే చెప్పి వెళ్లారు. అక్క గొంతుకు ఏమీ కాలేదు. తెల్లపొడ తరవాత ఇంకో మాట వచ్చింది. దాన్ని ఎవరూ గట్టిగా అనలేదు. 'పెద్దరోగం', అంటే కుష్ఠు. ఆ మాట మా గుమ్మంలోకి వచ్చిన రోజు నాయినమ్మ నిలబడ్డచోటే కూర్చుండిపోయింది.

"యూనివర్సిటీ దవాఖానకు తోల్కపోత, డాక్టరమ్మకు చూపిస్త," అన్నాడు నాయిన.

"అక్కడ చీటీ మీద రాస్తరు. రాసిన్రంటే ఆ కాయితం దీని ఎంబడే తిరుగుతది. నర్సు సీటు పోతది," అంది అమ్మ. "పరీక్ష అయ్యేదాంక ఆగు. తగ్గుతదేమో."

"తగ్గకపోతే?"

అమ్మ పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది.

పొయ్యి దగ్గర కూర్చుని నాయినమ్మ అమ్మకు చెప్పిన మాట నేను గోడ పక్క నుంచి విన్నాను. వినొద్దన్న మాటలు వినడంలో నాకు ఫస్ట్ క్లాసు.

"మా అన్నకు గూడ బుగ్గ మీదనే మొదలైంది. ఊర్ల పెద్దమనుషులు కూసున్నరు. కండ్లకు గుడ్డ కట్టి, కోడి ఈకతోని ముట్టిచ్చిన్రు. ఏడ ముట్టినమో చెప్పురా అన్నరు. అన్ని చెప్పిండు. మచ్చ మీద ముట్టిస్తే తెల్వక చెప్పలే. ఇగ ముట్టుండ్రి అని ఎదురు చూస్తనే ఉన్నడు పాపం." నాయినమ్మ ముక్కు చీదింది. "పొలం అవతల గుడిసె ఏసిన్రు. నేనే సద్ది తీస్కపోయేదాన్ని. బండ మీద పెట్టి దూరం జరగాలె. చెయ్యి ఊపేటోడు. నేను గూడ ఊపేదాన్ని. అంతే. పొయ్యేదాంక వాణ్ని మళ్ల ఎవలు ముట్టలే."

దానికి మందులున్నాయని, ముట్టుకున్నంత మాత్రాన అంటదని మాకు చెప్పినవాళ్లు లేరు. భయం మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది.

ఇంత జరుగుతుంటే నాయినమ్మకు పన్ను నొప్పి. దవడ పన్ను ఒకటి ఏళ్ల తరబడి ఊగుతూ ఉండేది, రానూ రాదు, పోనూ పోదు. దానికోసం నడుముకు కట్టుకునే సంచిలో చిటికెన వేలంత సీసాలో లవంగ నూనె పెట్టుకునేది. దూదితో పంటి మీద అద్దితే నొప్పి చచ్చిపోయేది. ఆ వారంలోనే సీసా మాయమైంది.

మా ఇంట్లో ఏది పోయినా ముందు నన్ను వెతికేవారు, తరవాత వస్తువును వెతికేవారు.

"ఏం చేసినవే సీసా?"

"తాగిన. కల్లు దొరకలే."

చీపురుకట్ట తిరగేసి కొట్టింది. నేను తీయలేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. నిజం చెప్పినా జోకులాగే వినిపించే గొంతు నాది, అదీ నా ఖర్మ.

పండగకు ముందురోజు పొద్దున. ఇంట్లో అమ్మ మసాలా వేయిస్తోంది. లవంగాలు, చెక్క, యాలకులు, షాజీరా. ఆ వాసన రేకుల సందుల్లోంచి వీధంతా పాకింది. పళ్లెంలో పండక్కి చేసిన గరిజెలు చల్లారుతున్నాయి, నేను వాటి చుట్టూ కాపలా పిల్లిలా తిరుగుతున్నాను. కోయడానికి తెచ్చిన కోడి గంప కింద ఉంది. నాయినమ్మ గంప ఎత్తి, దాని రెక్కలోంచి ఒక ఈక పీకింది.

అమ్మ చేతిలో గరిటె ఆగింది.

నాయినమ్మ అక్కను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టింది. తన తల రుమాలు విప్పి కళ్లకు కట్టింది. నాయిన గుమ్మానికి ఆనుకుని, మా వైపు కాకుండా బండల వైపు చూస్తున్నాడు. గాలి విసురుగా వచ్చి అక్క చున్నీ అంచును ఎగరేసింది.

"ఏడ ముట్టిన్నో చెప్పు బిడ్డా."

"నుదురు."

"ఇప్పుడు?"

"గదువ."

"ఇప్పుడు?"

"చెవి కింద. చక్కిలిగిలి అయితున్నది నాయినమ్మా." అక్క కొంచెం నవ్వింది. నేనూ ఊపిరి వదిలాను.

నాయినమ్మ ఈకను ఎడమ బుగ్గ మీదికి తెచ్చింది. మచ్చ మీద అటూ ఇటూ తిప్పింది.

అక్క ఎదురు చూస్తోంది. మొహం కొంచెం పైకెత్తి, ఇంకా ముట్టలేదనుకుని, వినడానికన్నట్టు తల పక్కకు వంచి.

ఈక తిరుగుతూనే ఉంది. కుడి బుగ్గ మీద కూడా తిప్పింది.

"ముట్టు నాయినమ్మా," అంది అక్క. "ఎందుకు ఆగినవ్?"

లోపల మసాలా మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

నాయినమ్మ చేతిలోంచి ఈక జారింది, గాలి దాన్ని తీసుకుపోయింది. అక్క గుడ్డ విప్పుకుని మా మొహాలు చూసింది. చూడగానే అర్థమైంది దానికి. పీట మీంచి లేచి వెనక్కి, ఇంకా వెనక్కి, గోడ తగిలేదాకా జరిగింది. "నన్ను ముట్టకుండ్రి," అంది. ఎవరూ చెప్పకుండానే దానికి తెలిసిపోయింది, దూరం జరగాలని.

అమ్మ ఒక అడుగు వేసి ఆగింది. నాయిన గుమ్మం వదల్లేదు.

నాయినమ్మ ఆగలేదు. పరుగులాంటి నడకతో వెళ్లి అక్క మొహం రెండు చేతుల్లో పట్టుకుంది.

"అన్నకు ముద్దు పెట్టలే. దూరం నిలబడ్డ. నీకు పెడత, సస్తే సస్త!" అంటూ ఎడమ బుగ్గ మీద, ఆ మచ్చ మీదే, పెదవులు ఒత్తి పెట్టింది. తరవాత కుడి బుగ్గ మీద. మళ్లీ ఎడమ. ఏడుస్తూ పెట్టింది, తిడుతూ పెట్టింది. అక్క తప్పించుకోవాలని చూసింది, ముసలమ్మ పట్టు వదల్లేదు.

ఉన్నట్టుండి నాయినమ్మ ఆగింది. నాలుకతో పెదవులు తడుముకుంది. మళ్లీ తడుముకుంది. వేలితో పెదవి గిల్లి చూసుకుంది.

"నా మూతి ఏమైంది?" అంది. "తిమ్మిరెక్కింది నా మూతి." అక్క బుగ్గ దగ్గరికి ముక్కు పెట్టి, కుక్క వాసన చూసినట్టు గట్టిగా పీల్చింది. ఏడుపు ఆగిపోయి ముసలి కళ్లు గుండ్రంగా అయ్యాయి.

"ఓ దొంగముండా! ఇది నా పంటి నూనె!"

అక్క తల దించుకుంది. సీసా జాకెట్లో ఉంది. పొద్దున లేవగానే దాచుకుని దాచుకుని రాసుకుంటోందట. ఇల్లంతా మసాలా వాసన ఉన్న రోజులు కాబట్టి ఎవరి ముక్కూ పట్టలేదు.

"ఎందుకు రాసినవే?" అంది అమ్మ.

"పంటి నొప్పిని చంపుతది గదా. మచ్చను గూడ చంపుతదనుకున్న."

ఇంటర్ చదివిన పిల్ల లెక్క అది. నేనైతే బడికి పోకుండానే అలాంటి లెక్కలు చేయగలను, అందుకే మానేశాను.

అంతా నవ్వాలి కదా? ఎవరూ నవ్వలేదు. "నూనె పైన ఉన్నది, సరే. కింద ఏమున్నదో?" అన్నాడు నాయిన మెల్లగా. ఆ మాటతో మళ్లీ అందరం బిగుసుకుపోయాం. నాయినమ్మ శనగపిండితో, గోరువెచ్చని నీళ్లతో, పసిపిల్లకు కడిగినట్టు అక్క మొహం కడిగింది. తిమ్మిరి దిగేదాకా ఆగాలంది. మేము ఎండలో గోడ వారగా కూర్చున్నాం. పొయ్యి ఆరిపోయింది. అటువైపు రైలు పట్టాల మీద ఒక లోకల్ వెళ్లిపోయింది. అక్క ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఏం చేయాలో తోచక నేను దాని మోచేతి మీద గోరుతో రాశాను, 'నర్సు' అని. అక్క చూసింది. ఈసారి తుడవలేదు. అక్షరాలు సరిచేయలేదు కూడా.

ఎండ నడినెత్తికి వచ్చింది. నాయినమ్మ కోడి రెక్కలోంచి ఇంకో ఈక పీకింది. మళ్లీ గుడ్డ కట్టింది. ఈసారి నుదురూ లేదు, గదువా లేదు, నేరుగా మచ్చ మీదికే తెచ్చింది.

"బుగ్గ," అంది అక్క.

ఇంకోవైపు.

"బుగ్గ! నాయినమ్మా, బుగ్గ!"

"నేను ముట్టకముందే చెప్తున్నవా ఏంది?" అని నాయినమ్మ చేతులు కట్టుకుని ఊరికే నిలబడింది. అక్క కాసేపు ఆగి, "ఇప్పుడు ముడ్తలేవు," అంది. అప్పుడు ఏడ్చింది నాయినమ్మ. నాయిన బండల వెనక్కి వెళ్లి చాలాసేపటికి తిరిగొచ్చాడు. గంప కింది కోడి ఒక్కటే సంతోషంగా లేదు.

పండగయ్యాక నాయిన అక్కను యూనివర్సిటీ దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ వెలుతురులో చూసి, దూదితో తాకి చూసి, పొడి గాలికి, ఎండకు చర్మం ఎండిపోయి మచ్చలు లేచాయంది. ఉడుకు నీళ్లతో, బట్టల సబ్బుతో రుద్ది రుద్ది పెంచుకున్నావంది. స్నానం చేశాక తుడిచీ తుడవకుండా, ఒళ్లు తడిగా ఉన్నప్పుడే కొబ్బరినూనె రాయమంది. ఎండలోకి వెళ్తే మొహానికి చున్నీ కప్పుకోమంది. మచ్చలు పూర్తిగా పోవడానికి నెలలు పట్టొచ్చు, భయం లేదంది. వైద్య పరీక్షకు అన్ని రోజులు లేవు. ఆ భయం అలాగే మిగిలింది.

పరీక్షకు వెళ్లే రోజు పొద్దున అక్క మొహం నూనెతో నిగనిగలాడుతోంది. "సీటు రాకపోయినా నీ మొహంల పూరీలు కాల్చుకోవచ్చు," అన్నాను. నాయినమ్మ కూడా బయల్దేరింది, కొప్పులో కోడి ఈక గుచ్చుకుని.

"గదెందుకమ్మా?" అన్నాడు నాయిన.

"డాక్టర్లు నమ్మకపోతే చూపిస్త."

ఈక బయటే ఉండిపోయింది, నాయినమ్మతో పాటు. లోపల పెద్ద డాక్టరు మచ్చల దగ్గర ఆగి, ఇవేంటి అని అడిగారట. అక్క భయపడలేదు. తనే కళ్లు మూసుకుని, "ముట్టుకోండి మేడం, చెప్తా," అందట. ఆవిడ కాసేపు ఊరికే నిలబడి, తరవాత ముట్టుకున్నారట. "బుగ్గ," అంది అక్క.

సీటు వచ్చింది. ఆ సాయంత్రమే చిన్నమ్మ పాపను తెచ్చి అక్క ఒళ్లో వేసి వెళ్లింది. అక్క తీసుకుంది. నేనైతే నాలుగు మాటలు అనేదాన్ని. నన్ను కొట్టిన దెబ్బలు మాత్రం ఎవరూ వాపసు తీసుకోలేదు. నాయినమ్మ ఒక గరిజె ఎక్కువ పెట్టింది, లెక్క సరిపోయిందనుకుంది.

ఇప్పుడు నాయినమ్మ లేదు, రేకుల వరస లేదు, ఆ నల్లా ఎక్కడుండేదో కూడా చెప్పలేను. అక్క ఎందరికో సూదులిచ్చి, ఎందరి చర్మమో ముట్టుకుని రిటైరైంది. వార్డులో ఎవరూ దగ్గరికి వెళ్లని మంచం ఉంటే ముందు అక్కే వెళ్లేదట. ముందు చెయ్యి వేసి, తరవాతే పేరు అడిగేదట.

"అమ్మమ్మా, చెప్పవేంది? ఏమంటవ్ ఈ మచ్చను?" అంది మనవరాలు.

"డాక్టరుకు చూపిద్దాం. ఇవ్వాలనే," అన్నాను. "ఉడుకు నీళ్లు బంద్ చెయ్."

"జోకులేస్తలేవు. గంత భయమా?"

దాని మొహం రెండు చేతుల్లో పట్టుకుని, ఆ మచ్చ మీద ముద్దు పెట్టాను. తరవాత పెదవి తడుముకుని ఒక్క క్షణం ఆగాను.

"ఏమైంది?"

"ఏం లేదు. లప్పం చేదుగున్నది."